హిస్పానిక్ సొసైటీ మ్యూజియంలో ఉచిత గైడెడ్ టూర్: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగగానే న్యూజెర్సీ, న్యూయార్క్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వెతుకులాట మొదలవుతుంది: టైమ్స్ స్క్వేర్, లిబర్టీ అయిపోయాయి, ఇంకేం చూపించాలి? ఎవరైనా హిస్పానిక్ సొసైటీ పేరు చెప్పారా, వెంటనే పాత సందేహాలే మళ్ళీ వస్తాయి. వాటికి జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. మొత్తం చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని అక్కడికే వెళ్ళండి.

## వెళ్ళాలా వద్దా అనుకునేటప్పుడు

ఇదేం మ్యూజియం? ఇన్నేళ్ళుగా ఇక్కడున్నాం, పేరే వినలేదు!

హిస్పానిక్ సొసైటీ మ్యూజియం అండ్ లైబ్రరీ మన్‌హాటన్ ఉత్తరాన, వాషింగ్టన్ హైట్స్‌లో ఉంది. బ్రాడ్‌వే మీద 155, 156వ వీధుల మధ్య కనిపిస్తుంది. రైల్వేలతో కోట్లు గడించిన హంటింగ్టన్ కుటుంబంలోని ఆర్చర్ హంటింగ్టన్ దీన్ని 1904లో స్థాపించాడు, 1908లో జనానికి తెరిచారు. గోయా, వెలాస్కెజ్, ఎల్ గ్రెకో లాంటి స్పెయిన్ మహా చిత్రకారుల అసలు చిత్రాలు ఇక్కడున్నాయి. పేరు వినలేదంటే ఆశ్చర్యమేమీ లేదు. టూరిస్టులు తిరిగే మిడ్‌టౌన్‌కి ఇది చాలా దూరం. పైగా 2017లో మరమ్మతులకని మూసి, మళ్ళీ 2023లో గానీ తెరవలేదు.

స్పానిష్ రాదు, వెళ్ళినా ఏం అర్థమవుతుంది?

స్పానిష్ అవసరం లేదు. టూర్లు ఇంగ్లీషులో ఉంటాయి. చుట్టుపక్కల డొమినికన్ కుటుంబాలు ఎక్కువ కాబట్టి స్పానిష్ టూర్లు కూడా పెడతారు, పేరు ఇచ్చేముందు ఏ భాషలోనో ఒకసారి చూసుకోండి. ఇక్కడి సేకరణ స్పెయిన్ ఒక్కదానిదే కాదు. పోర్చుగల్, మెక్సికో, పెరూ, ఫిలిప్పీన్స్ వరకూ స్పెయిన్, పోర్చుగల్ సామ్రాజ్యాలు తాకిన చోట్ల పుట్టిన కళంతా ఇందులో ఉంది.

నిజంగా ఫ్రీయేనా? లోపలికెళ్ళాక ఏదో ఒకటి కట్టమంటారేమో?

ప్రవేశం ఉచితం, టూర్ కూడా ఉచితమే. డొనేషన్ డబ్బా ఉంటుంది, వేయాలనిపిస్తే వేయొచ్చు, వేయకపోతే ఎవరూ అడగరు. అదే మెట్రోపాలిటన్ (మెట్) మ్యూజియంలో అయితే న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్ళు, న్యూజెర్సీ, కనెక్టికట్ విద్యార్థులు మాత్రమే తోచినంత ఇవ్వొచ్చు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వెళ్ళే ఉద్యోగస్థుడికి, ఇండియా నుంచి వచ్చిన చుట్టానికి తలా 30 డాలర్లు పడుతుంది. ఇంకో మాట, ఈ మ్యూజియం పేరుతో ఎవరైనా టిక్కెట్లు అమ్ముతుంటే కొనకండి. ఉచితంగా దొరికేదానికి డబ్బులెందుకు?

గైడుకి టిప్ ఇవ్వాలా?

అక్కర్లేదు. ఊళ్ళో నడిపించి చూపించే "ఫ్రీ వాకింగ్ టూర్" వాళ్ళు బతికేది టిప్పుల మీదే, అక్కడ ఇవ్వడం మర్యాద. మ్యూజియంలో తిప్పేవాళ్ళు ఆ సంస్థ మనుషులు, చేతిలో నోటు పెడితే వాళ్ళకే ఇబ్బందిగా ఉంటుంది. చివర ఒక థాంక్స్ చెప్పి, మనసైతే డబ్బాలో ఐదో పదో వేయండి.

ముందుగా బుక్ చేసుకోవాలా?

మ్యూజియం వెబ్‌సైట్‌లో క్యాలెండర్ ఉంటుంది. వెళ్ళే వారం అది తెరిచి, టూర్ ఉన్న రోజు, వేళ చూసుకోండి. పేరు నమోదు చేసుకునే లింకు ఉంటే చేసేయండి, ఖర్చేం లేదు. సీజన్‌ని బట్టి, నడుస్తున్న ఎగ్జిబిషన్‌ని బట్టి వేళలు మారుతుంటాయి, అందుకే ఇక్కడ టైము రాయడం లేదు. ఫేస్‌బుక్‌లో ఎవరో రెండేళ్ళ కింద పెట్టిన టైము నమ్మి బయల్దేరొద్దు.

మా తెలుగు సంఘం నుంచి పాతికమంది వస్తాం. అందరం ఒకే టూర్‌లో చేరిపోవచ్చా?

అలా చేయకండి. మామూలు టూర్‌లో వచ్చేవాళ్ళు కొద్దిమందే. ఒక్కసారిగా పాతికమంది దిగితే మిగతావాళ్ళకి చిత్రం కనపడదు, గైడు మాట వినపడదు. కొన్ని వారాల ముందే మ్యూజియానికి మెయిల్ రాయండి. ఎంతమంది, పిల్లలెందరు, పెద్దవాళ్ళెందరు అన్నది స్పష్టంగా రాస్తే వాళ్ళు ఏదో ఒక వేళ సూచిస్తారు. పాతికమందినీ రెండు జట్లుగా విడదీస్తే ఇంకా మంచిది.

ఏ రోజు వెళ్తే బాగుంటుంది?

సోమవారం మూసి ఉంటుంది, ఆ రోజు వద్దు. శని, ఆదివారాల్లో కూడా మెట్‌లో ఉండే తోపులాట ఇక్కడ ఉండదు, కాబట్టి సెలవు పెట్టి మరీ వెళ్ళక్కర్లేదు. పొద్దున్నే చేరి గేటు ముందు నిలబడకుండా తెరిచే వేళ చూసుకుని బయల్దేరండి.

## దారిలో

ఎడిసన్ నుంచి ఎలా రావాలి?

ఎన్‌జే ట్రాన్సిట్ రైల్లో న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి రండి. అక్కడే 34వ వీధి స్టేషన్‌లో అప్‌టౌన్ వైపు వెళ్ళే 1 నంబరు సబ్‌వే ఎక్కి 157వ వీధిలో దిగండి. ఇంకెక్కడా మారక్కర్లేదు. 2, 3 నంబర్లు కూడా అదే స్టేషన్‌కి వస్తాయి, తొందరపడి అవి ఎక్కితే 96వ వీధి తర్వాత మీ దారి వేరు, వాటి దారి వేరు. 157లో పైకి వచ్చాక బ్రాడ్‌వే మీద దక్షిణం వైపు రెండు నిమిషాలు నడిస్తే చాలు. వారాంతాల్లో పట్టాల పనుల వల్ల రైళ్ళు దారి మార్చుకుంటాయి, బయల్దేరేముందు ఫోన్‌లో చూసుకోండి.

జెర్సీ సిటీ నుంచి?

పాత్ రైల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కి వచ్చి, అక్కడ కోర్ట్‌లాండ్ స్టేషన్‌లో 1 నంబరు రైలు ఎక్కండి. ప్రతి స్టేషన్‌లో ఆగుతూ పోతుంది. ఓపిక పట్టాలి గానీ సీటు దొరుకుతుంది.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కలేదు.

157వ వీధి సబ్‌వే స్టేషన్‌లో లిఫ్టు లేదు, మెట్లే. అమ్మగారితో అయితే ఎం4, ఎం5 బస్సుల్లో ఏదైనా ఎక్కండి. రెండూ ఇక్కడ బ్రాడ్‌వే మీదుగానే వెళ్తాయి, బస్సు ముందుభాగం కిందికి వంగుతుంది కాబట్టి ఎక్కడం తేలిక. వీల్‌చెయిర్ కావాలన్నా, కూర్చోవడానికి స్టూలు కావాలన్నా, మెట్లు తగలకుండా ఏ వైపు నుంచి లోపలికి రావాలో తెలియాలన్నా రెండు రోజుల ముందు మ్యూజియానికి మెయిల్ పెట్టండి. టూర్‌లో నడక తక్కువ, నిలబడటం ఎక్కువ. మోకాళ్ళని బాధపెట్టేది ఆ నిలబడటమే, అందుకే స్టూలు సంగతి మర్చిపోవద్దు.

కారులో వస్తే పార్కింగ్?

వీధుల్లో చోటు దొరకడం కష్టం, వీధి ఊడ్చే రోజుల నియమాలు కూడా చూసుకోవాలి. పెద్దవాళ్ళని గేటు దగ్గర దింపి, డబ్బులిచ్చే గరాజ్‌లో పెట్టుకోవడమే టెన్షన్ లేని పద్ధతి.

## టూర్ నడుస్తుండగా

స్పెయిన్ చరిత్ర ఒక్క ముక్క తెలియదు. చదువుకుని వెళ్ళాలా?

నాలుగు సంవత్సరాలు గుర్తుంటే చాలు. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి ముస్లిం సైన్యాలు స్పెయిన్‌లో అడుగుపెట్టాయి. 1492లో చివరి ముస్లిం రాజ్యం గ్రెనడా పడిపోయింది. యూదుల్ని దేశం నుంచి వెళ్ళగొట్టిందీ, కొలంబస్ ఓడలు కదిలిందీ ఆ ఏడే. 1580లో పోర్చుగల్ కూడా స్పెయిన్ రాజు చేతికి వచ్చింది, 1640 దాకా అతని కిందే ఉంది. 1898లో స్పెయిన్ అమెరికాతో యుద్ధంలో ఓడి క్యూబా, ప్యూర్టోరికో, ఫిలిప్పీన్స్ పోగొట్టుకుంది. ఆ ఓటమి జరిగిన ఆరేళ్ళకే ఒక అమెరికన్ ధనవంతుడు స్పెయిన్ కళ కోసం న్యూయార్క్‌లో ఈ భవనం తలపెట్టాడు. అది గుర్తుంటే గోడల మీద చాలా సంగతులు వాటంతటవే అర్థమవుతాయి.

టూర్‌లో అన్నీ చూపిస్తారా?

చూపించరు, చూపించకూడదు కూడా. కొన్ని చిత్రాల ముందు ఆగి వాటి గురించి వివరంగా మాట్లాడతారు. "ఇంత దూరం వచ్చాం, అన్నీ చూసెయ్యాలి" అనే తిరుపతి క్యూ మనస్తత్వం ఇక్కడ పనికిరాదు. మిగిలినవి టూర్ అయ్యాక మీరే చూసుకోవచ్చు, ఎవరూ బయటికి పంపరు. కొన్ని వస్తువులు వేరే మ్యూజియాలకి అప్పుగా వెళ్తుంటాయి. పాత చేతిరాత పుస్తకాలు, పటాలు వెలుతురుకి పాడవుతాయని తీసి లోపల పెడుతుంటారు. ఫలానాదే చూడాలని వస్తుంటే ముందుగా అడిగి రండి.

నల్లబట్టల ఆవిడ చిత్రం దగ్గర అందరూ నేల వైపు చూస్తారేం?

ఆవిడ ఆల్బా డచెస్. గోయా 1797లో వేశాడు, అప్పటికి భర్త పోయి ఏడాది కావస్తోంది. నిలువెత్తు చిత్రం, ఏడడుగులకి కాస్త తక్కువ. ఆవిడ వేలు నేల వైపు చూపిస్తుంటుంది. అక్కడ ఇసుకలో "సోలో గోయా", అంటే "గోయా ఒక్కడే", అని రాసి ఉంటుంది. అక్షరాలు ఆవిడ వైపు తిరిగి ఉంటాయి, మనకి తలకిందులు. "సోలో" అన్న మాట మీద ఎవరో రంగు పూసేశారు, తర్వాతి కాలంలో చిత్రాన్ని శుభ్రం చేస్తుంటే బయటపడింది. వేళ్ళకి రెండు ఉంగరాలు, ఒకదాని మీద ఆల్బా, ఇంకోదాని మీద గోయా. చిత్రం మాత్రం ఆవిడ ఇంటికి చేరలేదు, చాలా ఏళ్ళు గోయా దగ్గరే ఉండిపోయింది. ఇద్దరి మధ్యా ఏముందని మీరు తప్పక అడుగుతారు, అందరూ అడిగేదే. ప్రేమకథ నిజమని తేల్చే ఆధారం లేదు. నాకైతే ఆ ప్రశ్న కన్నా ఆ నల్ల లేసు వేసిన తీరే ఆశ్చర్యం. దగ్గరికెళ్తే అవి ఉత్త కుంచె గీతలు, నాలుగడుగులు వెనక్కి వస్తే లేసు.

తొందరలో మేం దాటేసే మంచి చిత్రం ఏదైనా ఉందా?

వెలాస్కెజ్ వేసిన చిన్నపిల్ల చిత్రం. 1640 ప్రాంతంలోది, సుమారు అడుగున్నర ఎత్తు. నల్లకళ్ళ పిల్ల నేరుగా మనల్నే చూస్తుంటుంది, ఎవరో తెలియదు. చిత్రకారుడి ఇంటి పిల్లే అయ్యుండొచ్చని కొందరి ఊహ. ముఖం పూర్తిగా వేసి, బట్టలు రెండు మూడు గీతల్లో వదిలేశాడు. పక్కనే ఉండే దొరల నిలువెత్తు చిత్రాల మీదికి పోయే చూపుని కాస్త ఆపి దీనికివ్వండి.

సొరోయా గది అంటూ అందరూ చెబుతున్నారు. అందులో ఏముంది?

నాలుగు గోడలా స్పెయిన్ ఉంది. వలెన్సియాకి చెందిన చిత్రకారుడు హ్వాకీన్ సొరోయా 1909లో ఇదే భవనంలో ప్రదర్శన పెడితే నెల రోజుల్లో సుమారు 1,60,000 మంది వచ్చారు. ఆ ఊపులో హంటింగ్టన్ ఈ మ్యూజియంలోని లైబ్రరీ కోసం పెద్ద చిత్రాలు కావాలన్నాడు. ఆయన మనసులో ఉన్నది స్పెయిన్ చరిత్ర. సొరోయా రాజులూ యుద్ధాలూ తన వల్ల కాదని, ఊళ్ళలో మనుషులు ఎలా బతుకుతున్నారో వేస్తానని ఒప్పించాడు. 1911లో ఒప్పందం కుదిరింది. తర్వాత ఏడెనిమిదేళ్ళు దేశమంతా తిరుగుతూ, ఎక్కువగా ఆరుబయట ఎండలోనే నిలబడి వేశాడు. మొత్తం 14 చిత్రాలు. ఎత్తు మూడున్నర మీటర్లు, పక్కపక్కన పెడితే 70 మీటర్ల పొడవు. కాస్టీల్ రొట్టెల పండగ చిత్రం ఒక్కటే దాదాపు 14 మీటర్లు.

చివరిది అయామోంతెలో ట్యూనా చేపల వేట, 1919లో పూర్తయింది. పరదా లోంచి వడకట్టినట్టు దిగిన ఎండ నేల మీద పడ్డ చేపల వెండి పొట్టల మీద మెరుస్తుంటుంది. మా ఓటు దానికే. సొరోయా ఆరోగ్యం అప్పటికే దెబ్బతింది. మరుసటి ఏడాది పక్షవాతం వచ్చింది, 1923లో పోయాడు. ఈ గది 1926లో తెరుచుకుంది, గోడల మీద తన చిత్రాలు ఎలా ఉన్నాయో ఆయన చూడనేలేదు.

ఒక సలహా: గదిలోకి రాగానే చిత్రాలకి దగ్గరగా పరిగెత్తకండి. మధ్యలో నిలబడి ఒక చుట్టు తిరిగి, అప్పుడు నచ్చినదాని దగ్గరికి వెళ్ళండి. గైడు కూడా మామూలుగా అలాగే చేయిస్తారు.

ఆ గదిలో మొనదేలిన ముసుగులు వేసుకున్నవాళ్ళు ఎవరు? మా అబ్బాయి భయపడ్డాడు.

అమెరికాలో చదివే పిల్లలకి ఆ ముసుగు చూడగానే కు క్లక్స్ క్లాన్ గుర్తొస్తుంది, సహజమే. వీళ్ళకీ దానికీ సంబంధం లేదు. సెవీల్‌లో ఈస్టరుకి ముందు వారం జరిగే ఊరేగింపులో పాపపరిహారం కోసం నడిచే భక్తులు వీళ్ళు. ఎవరు ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నారో లోకానికి తెలియకూడదనే ముఖం కప్పుకుంటారు. ఈ ఆచారం క్లాన్ పుట్టకముందు నుంచీ, వందల ఏళ్ళుగా ఉంది. ఆ సంగతి పిల్లాడికి గదిలోకి వెళ్ళేముందే చెప్పేస్తే సరిపోతుంది.

స్పెయిన్ కళ అన్నారు, అరబిక్ అక్షరాలు ఎందుకున్నాయి?

ఏడు వందల ఏళ్ళకి పైగా ఆ దేశంలో ఏదో ఒక భాగాన్ని ముస్లిం రాజులు ఏలారు కాబట్టి. కొర్దోబా దగ్గరి రాజనగరంలో 960ల్లో ఖలఫ్ అనే శిల్పి చెక్కిన దంతపు డబ్బా అడిగి చూడండి. మన కుంకుమ భరిణెలా గుండ్రంగా, బోర్లించిన మూతతో ఉంటుంది. దాని అంచు చుట్టూ ఒక పద్యం, చెప్పేది ఆ డబ్బానే: కస్తూరి, కర్పూరం, అంబరు దాచుకునే పాత్రని నేను అని. చేనేత ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, గ్రెనడా రాజుల కోట పేరు మీద పిలిచే ఆల్హంబ్రా పట్టు దగ్గర ఎక్కువసేపు ఆగిపోతారు. 1400 ప్రాంతంలో గ్రెనడాలో నేసిన గుడ్డ, ఎరుపు, పసుపు పట్టీలు, లెక్క తప్పని గళ్ళు.

మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, లాగి తెచ్చిందేమీ కాదు. పోర్చుగల్ స్పెయిన్ రాజు చేతిలో ఉన్న 1580-1640 మధ్య గోవా కూడా ఆయన సామ్రాజ్యంలో భాగమే. 1565 నుంచి 1815 దాకా మనీలా నుంచి మెక్సికోలోని అకాపుల్కోకి ఏటా పెద్ద ఓడలు నడిచాయి. వెండి ఇటు, పట్టు, పింగాణీ, బట్టలు అటు. మన కోరమండల్ తీరపు నూలుబట్టలు కూడా మనీలా చేరి ఆ ఓడలెక్కాయి. మెక్సికో విభాగంలో ముత్యపుచిప్పలు పొదిగిన చిత్రాల దగ్గర ఆసియా ప్రభావం గురించి అడిగితే గైడు హుషారుగా చెబుతారు.

ఇవన్నీ స్పెయిన్ నుంచి దోచుకొచ్చినవేనా?

దోపిడీ కాదు, కొన్నవి. హంటింగ్టన్ ఒక నియమం పెట్టుకున్నాడు: చిత్రాలు స్పెయిన్‌లో కొనకూడదు, ఇప్పటికే ఆ దేశం దాటి బయట అమ్ముడవుతున్నవే కొనాలి. మంచి నియమమే. అయితే పుస్తకాల దగ్గర ఆయన అంత పట్టుదలగా లేడు. 1902లో సెవీల్‌లో హెరెస్ మార్క్విస్ గ్రంథాలయం మొత్తాన్ని ఒకే దెబ్బకి కొనేస్తే అక్కడి పండితులు ఎంతో బాధపడ్డారు. కాబట్టి గైడు నియమం గురించి చెప్పినప్పుడు పుస్తకాల సంగతి కూడా అడగండి, ముఖం మాడ్చుకోరు. స్పెయిన్ తరఫున ఇప్పుడైతే పాత కోపం కనిపించదు. 2017లో ఈ సంస్థకి ప్రిన్సెస్ ఆఫ్ అస్తూరియాస్ అవార్డు ఇచ్చారు, అదే ఏడు 200కి పైగా వస్తువులు మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ప్రదర్శించారు.

తల్లీ తండ్రీ బిడ్డా ఉన్న చిత్రాల కింద ఏవో లెక్కల్లా రాసి ఉన్నాయి. ఏమిటవి?

18వ శతాబ్దపు మెక్సికోలో వేసిన "కాస్టా" చిత్రాలు. తండ్రి ఫలానా, తల్లి ఫలానా, పుట్టిన బిడ్డ ఫలానా అని మనుషుల్ని పుట్టుకతో గళ్ళల్లో పెట్టే చిత్రాలు. స్పెయిన్ రక్తం ఎంతుంటే బట్టలు అంత మంచివి. చాలామంది అమెరికన్ సందర్శకులకి దీన్ని వివరించి చెప్పాలి, మనవాళ్ళకి అక్కర్లేదు.

గైడు యాక్సెంట్ అర్థం కాకపోతే? మధ్యలో అడగొచ్చా?

అడగొచ్చు, అడిగితే సంతోషిస్తారు. ముందు వరుసలో నిలబడండి, ముఖం కనిపిస్తే సగం అర్థమవుతుంది. మామయ్యగారికి మీరు తెలుగులో చెప్పాలనుకుంటే ఒక పక్కకి జరిగి మెల్లగా చెప్పండి, గైడు మాట్లాడుతుండగా మీరు కూడా మాట్లాడితే అందరికీ చిరాకు.

ఫొటోలు తీసుకోవచ్చా?

ఫ్లాష్ లేకుండా, సొంతానికి అయితే మామూలుగా తీసుకోవచ్చు. అప్పుగా తెచ్చిన వస్తువుల దగ్గర వద్దని బోర్డు ఉంటే ఆగండి. సెల్ఫీ స్టిక్కు ఇంట్లోనే వదిలేయండి.

పిల్లలు విసుగెత్తితే మధ్యలో వెళ్ళిపోవచ్చా?

తప్పకుండా. చెప్పాపెట్టకుండా జారుకోవడం కన్నా గైడు వైపు ఒక తల ఊపి వెళ్తే బాగుంటుంది. పిల్లలకి ముందే ఒక పని అప్పగిస్తే అంత త్వరగా విసుగు రాదు: సొరోయా గదిలో జంతువుల్ని లెక్కపెట్టమనండి. గుర్రాలు, ఎద్దులు, పందులు, చేపలు, చాలా ఉన్నాయి.

## అయిపోయాక

పక్కన చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా?

మ్యూజియం ఆవరణలోనే గుర్రం మీద స్పెయిన్ వీరుడు ఎల్ సిద్ కంచు విగ్రహం ఉంది. చెక్కినావిడ ఆనా హయట్ హంటింగ్టన్, ఆర్చర్ భార్య, 1927లో పెట్టారు. 155వ వీధి దాటితే ట్రినిటీ శ్మశానంలో పక్షుల చిత్రకారుడు ఆడుబన్ సమాధి, ఈ ఆవరణకి ఆడుబన్ టెరస్ అనే పేరు ఆయనదే. కాస్త నడవగలిగితే 160వ వీధి దగ్గర మోరిస్-జుమెల్ మాన్షన్, 1765లో కట్టిన ఇల్లు, మన్‌హాటన్‌లో మిగిలిన ఇళ్ళల్లో అన్నిటికన్నా పాతది. 1776లో జార్జ్ వాషింగ్టన్ అక్కడే మకాం పెట్టాడు.

శాకాహారులం. అక్కడ ఏం తినాలి?

డొమినికన్ హోటళ్ళు వరసగా ఉంటాయి. అన్నం, తోస్తోనెస్ అనే పచ్చి అరటికాయ వేపుడు ముక్కలు, పండిన అరటి వేపుడు, ఉడికించిన కర్రపెండలం, అవకాడో సలాడ్ దొరుకుతాయి. బీన్స్ కూర చూడ్డానికి రాజ్మాలా ఉంటుంది గానీ కొన్నిచోట్ల అందులో పంది మాంసం వేస్తారు, అడక్కుండా తినొద్దు. కమలారసం, పాలు కలిపి చేసే మోరిర్ సొన్యాందో తాగి చూడండి, పాలు విరగవు.

మేం డాలస్‌లో ఉంటాం. అక్కడ ఇలాంటిది ఉందా?

సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలోని మెడోస్ మ్యూజియం. చమురు వ్యాపారి ఆల్గర్ మెడోస్ ఇచ్చిన చిత్రాలతో 1965లో మొదలైంది. గోయా, వెలాస్కెజ్, మురీయో అందరూ ఉన్నారు. గోయా 1794లో వేసిన పిచ్చాసుపత్రి ఆవరణ చిత్రం కోసమైనా వెళ్ళాలి. మామూలు రోజుల్లో టిక్కెట్టు ఉంటుంది, ఉచిత వేళలు వాళ్ళ సైట్‌లో చూసుకోండి.

వచ్చే ఏడాది మాడ్రిడ్ వెళ్తున్నాం. ప్రాదో కూడా ఫ్రీయేనా?

రోజూ చివరి రెండు గంటలు ఫ్రీ: సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం 6 నుంచి 8, ఆదివారం 5 నుంచి 7. క్యూ మాత్రం పెద్దది, అరగంట ముందే నిలబడండి.